నిలిచే గీత

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసపు నెల పడుతుంది. ఆ రోజు నుంచి భోగి దాకా తెలుగు వాకిళ్లకు తెల్లవారడమే ముగ్గుతో. నెల మధ్యలో క్రిస్మస్ వస్తుంది. నేను పెరిగిన వీధిలో అమ్మ కళ్లాపి చల్లి మెలిక ముగ్గు తిప్పుతుంటే, రెండిళ్ల అవతల గులాబీ పువ్వుల అచ్చు కాగిన నూనెలో మునిగే చప్పుడు వినిపించేది. మధ్యాహ్నానికి ఆ పువ్వులు పళ్లెంలో మా ఇంటికి చేరేవి. పళ్లెం ఖాళీగా తిరిగి వెళ్లకూడదు కాబట్టి అమ్మ అందులో అరిసెలో, అవి లేకపోతే నాలుగు అరటిపళ్లో పెట్టి పంపేది.

ఇప్పుడు ఆ పళ్లెంలో నేను బిస్కెట్లు పెడుతున్నాను. ఇంట్లో కాల్చి, పైన చక్కెర ఐసింగ్‌తో జానపద చిత్రాలు గీసిన బిస్కెట్లు. మొదటి ఏడాది గీసిన వార్లీ మనుషులు పది నిమిషాల్లో కరిగి తెల్లమచ్చలయ్యారు. చేతులు, కాళ్లు, చేతిలోని డోలు అన్నీ ఒకదానిలోకి ఒకటి పారిపోయాయి. జీవితమంతా పిండిముగ్గు వేసిన అమ్మ వచ్చి చూసి ఒక్క మాట అంది: “పలచనైందే.”

ఆ ఒక్క మాటలో ఎంత భౌతికశాస్త్రం ఉందో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ముగ్గు వేసే చేయి, గోడ మీద బొమ్మ వేసే చేయి, శ్రీకాళహస్తిలో కలం పట్టిన చేయి, ఐసింగ్ కోను పట్టిన చేయి, అన్నిటికీ ఒకే చిక్కు. చేతిలో ఉన్నంతసేపూ పదార్థం కదలాలి. పడిన చోట ఆగాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగే గుణాలు.

గోడ

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను వార్లీ చిత్రాన్నే సూచిస్తాను. మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో, డహాణు, తలాసరి, జవ్హార్ వైపు ఉండే వార్లీ ఆదివాసులు మట్టిగోడను పేడతో అలికి, జేగురు పూసి, దాని మీద బియ్యప్పిండి నీళ్లతో బొమ్మలు వేస్తారు. పిండి గోడకు అంటుకోవడానికి కాస్త జిగురు కలుపుతారు. వెదురుపుల్ల కొసను నమిలి మెత్తబరిస్తే అదే కుంచె. మనిషంటే కొసలు కలిసిన రెండు త్రిభుజాలు, పైన ఒక చుక్క. ఈ బొమ్మలు మొదట ఇంటి ఆడవాళ్లు పెళ్లిళ్లకు వేసినవి. వాటిని కాగితం మీదికి, గుడ్డ మీదికి తెచ్చి ప్రపంచానికి చూపినవారిలో జివ్యా సోమా మశే (1934–2018) ముఖ్యుడు. 2011లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇందులో రంగులు రెండే, జేగురు గోధుమ, తెలుపు. గోధుమరంగు బిస్కెట్ దగ్గర ముందే ఉంది. అంటే గోడ కట్టే పని ఓవెన్‌ది. మన పని తెల్లగీత ఒక్కటే.

గోడ మాత్రం చదునుగా ఉండాలి, అంచు తీరుగా ఉండాలి. నేను వాడే కొలతలు ఇవి: మైదా 200 గ్రాములు, రాగిపిండి 50, ఉప్పులేని వెన్న 125, మెత్తగా దంచి జల్లించిన బెల్లం 100, చిటికెడు ఉప్పు, ముద్ద కట్టడానికి రెండు మూడు చెంచాల పాలు. ముందు పిండిలో చల్లని వెన్న వేసి, వేళ్లతో నలిపి, తడి ఇసుకలా అయ్యాక బెల్లం కలిపి, పాలు చివర పోస్తాను. ఈ క్రమానికి కారణం ఉంది. మైదాలోని రెండు రకాల మాంసకృత్తులు, గ్లూటెనిన్, గ్లయాడిన్, నీళ్లు తగిలి మర్దన పడితే కలిసి గ్లూటెన్ అనే సాగే వల అల్లుతాయి. పరోటాకు అది కావాలి, బిస్కెట్‌కు వద్దు. పిండిరేణువుకు ముందే వెన్న పట్టిస్తే నీరు దాన్ని సులువుగా చేరలేదు, వల గట్టిగా అల్లుకోదు. జంతికల పిండిలో కాచిన నూనో వెన్నో వేసి, ముందు పొడిపిండికి పట్టించి, తర్వాత నీళ్లు చల్లే మన వాళ్లు “గుల్లగా రావడానికి” అంటారు. బియ్యప్పిండిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి అక్కడ కథ కొంచెం వేరు, కానీ రేణువుల మధ్య కొవ్వు చేరితే పట్టు విరిగి పిండివంట గుల్లబారుతుందన్న సూత్రం ఒక్కటే. రాగుల్లోనూ గ్లూటెన్ లేదు. అందుకే రాగిపిండి కలిసిన బిస్కెట్ ఇంకొంచెం గుల్లగా వస్తుంది, జేగురు ఛాయా వస్తుంది.

ముద్దను ఆరు మిల్లీమీటర్ల మందాన వత్తి, కోసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. వెన్న 32–35 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. వేసవిలో మన వంటగదే దాదాపు అంత వేడిగా ఉంటుంది! ఓవెన్‌లో మొదటి నిమిషాల్లో జరిగేది ఒక పందెం. ఒకవైపు వెన్న కరిగి, బెల్లం పిండిలోని తడిలో కరిగి, ముద్దను పలచన చేస్తుంటాయి. మరోవైపు తడి ఆరుతూ ముద్ద బిగుసుకుంటుంది. ముద్ద చల్లగా లోపలికి వెళితే వెన్న కరగడం ఆలస్యమై, అంచు పక్కకు జారకముందే బిగుస్తుంది. వంటసోడా వేస్తే ఉబ్బుతుంది, పరుచుకుంటుంది, పైన గుంటలు పడతాయి. చిత్రానికి పనికొచ్చే బిస్కెట్‌లో సోడా వద్దు.

170 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 నిమిషాలు. పైపొర ఆరి, 140 డిగ్రీల ప్రాంతానికి వేడెక్కినప్పుడు బెల్లంలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు పాలూ పిండీ తెచ్చిన అమైనో ఆమ్లాలతో వేగంగా కలిసి గోధుమరంగునూ, ఇల్లంతా తెలిసే ఆ వాసననూ పుట్టిస్తాయి. 1912లో ఈ చర్యను వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ పేరే దానికి స్థిరపడింది. దాని దశలను ఒక క్రమంలో పేర్చి చూపినవాడు అమెరికన్ రసాయనవేత్త జాన్ హాజ్, 1953లో. లోపల జరగనిది కూడా చెప్పుకోవాలి. అన్నంలో లాగా బిస్కెట్‌లో పిండిపదార్థం పూర్తిగా ఉడకదు. నీళ్లు చాలవు, ఉన్న కాసిన్ని నీళ్లను తీపి లాగేసుకుంటుంది. మైదా రేణువులు చాలావరకు ఉడకని రేణువులుగానే వెన్న, తీపి పాకంలో ఇరుక్కుని మిగులుతాయి. బిస్కెట్ కరకర వెనుక ఉన్నది చల్లారి బిగిసిన ఆ పాకమే.

సున్నం కాదు, చక్కెర

ఇక తెలుపు. రాయల్ ఐసింగ్ అనే పదార్థంలో ఉన్నవి రెండే, కోడిగుడ్డు తెల్లసొన, మెత్తటి చక్కెరపొడి. ఒక గుడ్డు తెల్లసొన సుమారు 30 గ్రాములు. దానికి 160 గ్రాముల చక్కెర కలుపుతామనుకోండి. తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీరే, అంటే 27 గ్రాములు. గది వేడిలో 100 గ్రాముల నీరు సుమారు 200 గ్రాముల చక్కెరను కరిగించుకోగలదు. ఆ లెక్కన మన 27 గ్రాముల నీటికి 54 గ్రాముల చక్కెర చాలు. మిగిలిన వంద గ్రాముల పైచిలుకు చక్కెర ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. కరగని సన్నటి పలుకులుగా చిక్కటి పాకంలో కిక్కిరిసి ఉంది. ఐసింగ్ తెల్లగా కనిపించేది కూడా అందుకే. పలుకులూ, గిలక్కొట్టినప్పుడు చేరిన గాలిబుడగలూ వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడతాయి. బియ్యప్పిండి తెలుపు, ముగ్గుపిండి తెలుపు ఇదే రకం. తెల్లని రంగంటూ విడిగా ఏదీ లేదు, చెదిరిన వెలుతురే ఉంది.

సంతలో జనం కిక్కిరిసినప్పుడు ఎవరూ కదలలేరు. వెనక నుంచి గట్టిగా తోస్తే గుంపంతా ఒక్కసారి ముందుకు జారుతుంది, తోపు ఆగగానే మళ్లీ నిలబడిపోతుంది. చక్కెర పలుకుల గుంపూ అంతే. ఒక హద్దు దాటిన ఒత్తిడి పడితేనే ద్రవంలా పారుతుంది, ఒత్తిడి అంతకన్నా తగ్గితే ఘనపదార్థంలా ఆగుతుంది. నీరు, తేనె అలా కాదు. తేనె ఎంత చిక్కనిదైనా చిన్న వాలు చాలు, ఆలస్యంగానైనా జారిపోతుంది. చిక్కదనం వేరు, ఆగే శక్తి వేరు. ఈ తేడాను అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ బింగ్‌హామ్ 1919లో తన సహచరుడితో కలిసి స్పష్టం చేశాడు. వాళ్లు పరీక్షించిన పదార్థం ఏమిటో తెలుసా? గోడలకు వేసే పెయింటు. పెయింటు చిక్కని ద్రవం కాదని, కొంత ఒత్తిడి దాకా కదలని పదార్థమని తేల్చారు.

గోడ మీద గీతకు ఈ హద్దు ఎంత ఉండాలో మనమే లెక్క వేయవచ్చు. గీత మందం ఒక మిల్లీమీటరు, పదార్థం నీటికి ఒకటిన్నర రెట్లు బరువు అనుకుంటే, నిలువు గోడ మీద దాన్ని కిందికి లాగే ఒత్తిడి సుమారు 15 పాస్కల్‌లు. చదరపు మీటరు మీద కిలోన్నర బరువు పరిచినంత. వినడానికి చాలా తక్కువ. కానీ పలచనైన పిండి ఆ కాస్తకు కూడా నిలవక కన్నీటిచారలా జారుతుంది. బిస్కెట్ బల్ల మీద పడుకుని ఉంటుంది కాబట్టి అక్కడ జారడం కాదు, పక్కలకు ఒరగడమే భయం. వార్లీ మనిషి నడుము దగ్గర రెండు త్రిభుజాల కొసలు తాకే చోటు చూడండి. ఐసింగ్ ఒరిగితే మొదట మాయమయ్యేది ఆ సన్నని నడుమే.

అమ్మ చెప్పిన “పలచన”కు ఇప్పుడు కొలత దొరికింది. నీటి చుక్క ఒక్కటి ఎక్కువైతే రెండు పనులు జరుగుతాయి. గుంపు మధ్య ఖాళీ పెరుగుతుంది, పైగా ఆ చుక్క తనకు రెండింతల చక్కెరను కరిగించుకుని గుంపునే తగ్గిస్తుంది. అందుకే అంతవరకూ బాగున్న ఐసింగ్ ఒక్క చుక్కకు పాడైపోతుంది. వంటింట్లో దీన్ని చూసే పద్ధతి చాకుతో గీత గీయడం. గిన్నెలోని ఐసింగ్ మీద గీసిన గాడి అసలు పూడకపోతే అది గీతలకు. పది, పదిహేను సెకన్లలో పూడి నునుపైతే అది లోపల నింపడానికి.

పచ్చి తెల్లసొనలో సాల్మొనెల్లా భయం ఉంటుంది. పిల్లలు, గర్భిణులు తినేవాటికి పాశ్చరైజ్ చేసిన తెల్లసొనో, తెల్లసొనతో చేసిన మెరాంగ్ పొడో వాడాలి. గుడ్డు తినని ఇళ్లకు పంపేటప్పుడు నేను కాబూలీ శనగలు ఉడికిన నీళ్లు వాడతాను. ఆ నీటిలోకి దిగిన మాంసకృత్తులు, పిండిపదార్థాలు తెల్లసొనలాగే నురగ పట్టుకుంటాయని 2014లో జొయెల్ రోసెల్ అనే ఫ్రెంచి సంగీతకారుడు చూపించాడు. పారబోసే నీళ్లకు ఇంతకన్న మంచి గతి లేదు.

కలం, గుడ్డ, కోను

శ్రీకాళహస్తి కలంకారీ కలాన్ని దగ్గరగా చూస్తే నాకు ఎప్పుడూ ఐసింగ్ కోనే గుర్తొస్తుంది. వెదురుపుల్ల మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించి ఉంటుంది. ఉన్ని రంగును పీల్చుకుని నిల్వ ఉంచుతుంది. వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు మొనకు దిగుతుంది. గీత సన్నదనం మొనలో సగమే ఉంది, మిగతా సగం నొక్కే వేళ్లలో ఉంది.

ఇంతకన్న దగ్గరి చుట్టం బెంగాల్‌లో ఉంది. పూర్వ మేదినీపూర్ జిల్లాలో తమ్లుక్, మహిషాదల్ ప్రాంతాల ఆడవాళ్లు చలికాలంలో గయనా బొడి పెడతారు. గయనా అంటే నగ, బొడి అంటే మన వడియం. మినప్పప్పు రుబ్బి, తెల్లటి నురగయ్యేదాకా చేత్తో గిలక్కొట్టి, చిన్న రంధ్రంలో లోహపు గొట్టం అమర్చిన గుడ్డలో మూటకట్టి, పళ్లెంలో పరిచిన గసగసాల మీద హారాలు, కిరీటాలు, చెవిపోగులు పిండుతారు. ఎండాక వేయించుకు తింటారు. ఠాగూర్ కుటుంబంవారు, నందలాల్ బోస్ వంటి చిత్రకారులు దీన్ని కళగా ఆదరించారు. పిండిని సరిపడా గిలక్కొట్టారో లేదో చూడటానికి చిన్న ఉండ నీళ్లలో వేస్తారు, తేలితే సరి. గారెల పిండికి మనం చేసేదీ అదే. మినుముల్లోని మాంసకృత్తులూ, జిగురూ కలిసి గాలిని పట్టి ఉంచుతాయి. ఆ బుడగలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడటం వల్లే గీతకు ఆగే శక్తి వస్తుంది. ఐసింగ్‌లో ఆ పని ఎక్కువగా చక్కెర పలుకులు చేస్తాయి, ఇక్కడ గాలిబుడగలు. కేక్ అనే మాట చెవిన పడని పల్లెల్లో కూడా తిండిని పిండి గీసే విద్య ఉందని గయనా బొడి చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

గోరింటాకు కోను పట్టిన చేతికి ఐసింగ్ కోను కొత్త కాదు. ఒక్క కిటుకు చాలు. మొనను బిస్కెట్‌కు ఆనించి రాయకూడదు. అర సెంటీమీటరు పైన పట్టి, దారం దిగుతుంటే చేతిని ముందుకు నడపాలి. గాలిలో వేలాడే దారం తన బరువుతో తానే బిగుసుకుని చేతి వణుకును మింగేస్తుంది. ఎత్తు ఎక్కువై, నడక నెమ్మదిస్తే దారం చుట్టలు చుట్టుకుంటుంది.

ఒక్క దారం

గీత మొదలైన చోట బొట్టు పడుతుంది, ఆగిన చోట తోక లేస్తుంది. ఐసింగ్‌తో పనిచేసే ప్రతివారికీ ఇది తెలుసు. కాబట్టి మొదళ్లు, కొసలు ఎంత తక్కువైతే చిత్రం అంత శుభ్రం. ఇక్కడ మెలిక ముగ్గును మించిన గురువు లేదు. చుక్కల చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే గీతకు మొదలూ కొసా ఒకేచోట కలిసిపోతాయి.

ఏ ముగ్గు ఒక్క గీతలో పూర్తవుతుంది? వరుసకు సమానంగా చుక్కలు పెట్టి, వాటి మధ్య నుంచి చాపలా అల్లుకుంటూ పోయే సాదా మెలికకు ఒక అందమైన సూత్రం ఉంది. వరుసల సంఖ్య, వరుసలోని చుక్కల సంఖ్య, ఈ రెండిటి గసాభా ఎంతో అన్ని గీతలు కావాలి. మూడు వరుసలు, నాలుగు చుక్కలు: గసాభా ఒకటి, ఒక్క గీతలో అయిపోతుంది. నాలుగు వరుసలు, ఆరు చుక్కలు: రెండు గీతలు. నాలుగు, నాలుగు: నాలుగు విడి గీతలు. ఆఫ్రికాలో చోక్వే ప్రజలు ఇసుక మీద గీసే సోనా చిత్రాలను పరిశీలించిన గణితవేత్త పావులస్ గెర్డెస్ ఈ సూత్రాన్ని వివరంగా రాశాడు, వాటిని తమిళ ముగ్గులతో పోల్చాడు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి 1970లలోనే ముగ్గులను కంప్యూటర్ వ్యాకరణంగా అధ్యయనం చేశాడు. ఎనిమిది సెంటీమీటర్ల బిస్కెట్ మీద నేను మూడు, నాలుగు చుక్కల ముగ్గే వేస్తాను. ఒక్క ఊపు, ఒక్క అతుకు.

రంగు పారకుండా

వార్లీ దాటి రంగుల్లోకి వచ్చినవారికి ఎదురయ్యే పెద్ద కష్టం రంగు పారడం. తెల్లని ఐసింగ్ పక్కన ఎర్రగీత వేసి పడుకుంటే తెల్లారేసరికి దాని చుట్టూ గులాబీ మసక. నీటిలో కరిగే రంగు, తడి ఎటు వ్యాపిస్తే అటు పోతుంది.

కలంకారీవాళ్లు ఈ సమస్యను ఏనాడో పరిష్కరించుకున్నారు, అదీ రెండు విధాలుగా. మొదటిది, గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెట్టడం. పాలకొవ్వు నూలు పోగుల్లో రంగు పాకకుండా అడ్డుకుంటుంది. కరక్కాయలోని టానిన్ కోసం ఇనుపముక్కలు, బెల్లం ఊరబెట్టిన ‘కసిం’ ద్రావణం కాచుకుని ఉంటుంది, తగలగానే నల్లబడుతుంది. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల జిగురు, తెల్లమట్టి, గంజి కలిపి పూసేదీ రంగు లోపలికి ఇంకకుండానే. బిస్కెట్ మీద మనం ముందు పరిచే తెల్ల ఐసింగ్ పొర ఆ పూతకు సాటి. కానీ అది పూర్తిగా, ఒక రాత్రంతా, ఆరాలి. సగం ఆరిన గోడ మీద ఎవరూ బొమ్మ వేయరు.

రెండోది ఇంకా లోతైనది. కలంకారీ ఎరుపు గుడ్డకు దానంతటదే పట్టదు. ముందు పటిక నీళ్లతో గీసి, తర్వాత చిరివేరు వంటి వేళ్లతో ఉడికిస్తారు. పటికలోని అల్యూమినియం, వేళ్లలోని అలిజరిన్‌ను పట్టుకుని నీటిలో కరగని ఎరుపుగా మార్చి నూలుకు కట్టేస్తుంది. ఉతికినా పోదు. బేకరీ సామాను దుకాణంలో ‘లేక్’ రంగులని అమ్ముతారు. అవేమిటంటే, నీటిలో కరిగే తిండిరంగును అల్యూమినియం హైడ్రాక్సైడ్ మీద పట్టించి కరగని పొడిగా చేసినవి. ఆ పొడి తడి వెంట పారదు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి అద్దకపువాళ్ల తొట్టెలోనూ, బేకరీవాళ్ల రంగుడబ్బాలోనూ రంగును కట్టి ఉంచే లోహం ఒక్కటే.

పసుపుతో పసుపురంగు ఐసింగ్ చేయబోతే ఇంకో వింత. గుడ్డు పాతబడేకొద్దీ బొగ్గుపులుసు వాయువు పెంకు గుండా పోయి తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది, పీహెచ్ 9 దాటవచ్చు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబారుతుంది. పసుపు, సున్నం కలిపి పారాణి చేసే ఇళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే పసుపురంగు తిరిగి వస్తుంది. కొన్న రంగులైతే మన దేశంలో అనుమతి ఉన్న కృత్రిమ రంగులు కొన్నే. వాటికీ సాధారణంగా కిలో తిండికి 100 మిల్లీగ్రాముల హద్దు ఉంది. చిక్కటి ఎరుపు, నలుపులతో బిస్కెట్ అంతా పరిచే మోజు తగ్గించుకోవడం మంచిది. చాలా జానపద చిత్రాల్లో నలుపు గీతకే, పరచడానికి కాదు.

ఏ బొమ్మ వేయాలన్నది కూడా నాకు ముఖ్యమే. వార్లీ పెళ్లిగోడ మధ్యన చతురస్రంలో ఉండేది వాళ్ల దేవత పాలఘట. ఆమెను నేను బిస్కెట్ మీదికి తేను. కొరికి తినేదాని మీద మరొకరి అమ్మవారు ఉండకూడదు. తార్పా వాద్యం చుట్టూ చేతులు కలిపి తిరిగే నర్తకులు, చెట్లు, నెమళ్లు, వరికోత, ఎద్దుబండి చాలవా? పంపే డబ్బాలో ఒక చీటీ మీద ఆ కళ పేరు, అది పుట్టిన చోటు రాసి పెడతాను.

చివరి పని ఆరబెట్టడం. నీరు గాలిలోకి పోయేకొద్దీ, కరిగిన చక్కెర పలుకుల మధ్య తిరిగి గడ్డకట్టి వాటిని అతికిస్తుంది, తెల్లసొన ఆ అతుకులను బిగిస్తుంది. గాలిలో తేమ ఎక్కువున్న విశాఖ, కాకినాడల్లో ఇది నెమ్మదిగా సాగుతుంది. ఫ్యాను గాలి తగిలితే ముందు పైపొర బిగిసి మెరుపు నిలుస్తుంది, మూసిన గదిలో ఉంచితే పొర కుంగి గుంట పడుతుంది. ఎనిమిది గంటల కన్నా తక్కువలో మూత పెట్టకూడదు. మిగిలిన తడి బిస్కెట్‌లోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది. బెల్లం తేమను లాక్కునే గుణం ఉన్నది కాబట్టి ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. నేను రాత్రి తొమ్మిదికి ఆఖరి గీత గీసి, ఫ్యాను కింద బల్ల మీద పరిచి పడుకుంటాను. తెల్లవారుజామున అమ్మ ముగ్గుడబ్బా తీసుకుని వాకిట్లోకి వెళ్లేటప్పుడు, ఒక బిస్కెట్ అంచును గోటితో తాకి చూసి, “గట్టిపడ్డాయి, డబ్బాలో పెట్టుకో” అంటుంది.